రెండో ఉరుకుందు

డిసెంబరు మొదటి వారంలో మా డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద హాజరు పట్టిక అంటించారు. ఫిజిక్సులో నాకు వచ్చింది సున్నా శాతం. ముప్పయ్యో నలభయ్యో అయితే ఎక్కడో లెక్క తప్పిందని అనుకోవచ్చు. సున్నా అంటే నేను ఆ గది గడపే తొక్కలేదని. జ్వరం వచ్చిన రోజు కూడా మాత్ర మింగి వెళ్లి కూర్చున్నవాడికి సున్నా! ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు, ఎందుకంటే ఆ సున్నాలో నా వాటా తక్కువేమీ కాదు.

మా యూనివర్సిటీలో ఏ ఒక్క సబ్జెక్టులోనైనా డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. డిటైన్ చేస్తారు. అంటే వచ్చే ఏడు మళ్లీ మొదటి సంవత్సరం, మళ్లీ మొదటి రోజు, అరవై కొత్త మొహాల ముందు నిలబడి నా పేరు ఫలానా అని చెప్పుకోవాల్సి రావడం. నిజం చెప్పాలంటే, ఏడాది పోతుందన్న దిగులు కంటే ఆ మొదటి రోజు ఇంకోసారి వస్తుందన్న భయమే నాకు ఎక్కువ.

మాది కర్నూలు జిల్లా కోసిగి దగ్గర ఒక పల్లె. మా వైపు ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకోని ఇల్లు లేదు. పిల్లలు కలగకపోతే మొక్కు, కలిగిన పిల్లకు జబ్బు చేస్తే మొక్కు. మొక్కు తీరితే బిడ్డకు ఆ క్షేత్రం పేరే. మా వీధిలోనే నలుగురు ఉరుకుందులు, ఇద్దరు ఉరుకుందమ్మలు ఉన్నారు. బడిలో మా అయ్యవారు మమ్మల్ని ఒకటో ఉరుకుందు, రెండో ఉరుకుందు అని పిలిచేవాడు. నేను రెండోవాణ్ణి. అందులో వింత ఉందని మాకెప్పుడూ తోచలేదు.

ఆగస్టులో రైలెక్కి కడపకు వచ్చాను. గుంతకల్లు దాటేదాకా కిటికీ దగ్గర కూర్చుని, ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాను. ఎవరూ పలకరించలేదు. అప్పుడది అదృష్టం అనుకున్నాను.

మొదటి రోజు ఫిజిక్స్ క్లాసుకు గోపీనాథ్ సార్ వచ్చాడు. ఆయనది సముద్రం వైపు ఊరు. మిగతా సార్లు రోల్ నంబర్లు పిలుస్తారు. నంబరైతే నాకు సులభం. పదిహేడు అనగానే ఊపిరి పీల్చుకుని, పద్దెనిమిదికి 'సార్' అనేసి వదిలేయొచ్చు. గోపీనాథ్ సార్‌కు ఆ పద్ధతి నచ్చదు.

"మీ అమ్మానాన్నలు మీకు పేర్లు పెట్టారు. నంబర్లతో పిలవడానికి ఇదేమన్నా జైలా?" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పుడు నా చేతులు నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

పదిహేడో పేరు దగ్గర ఆయన ఆగాడు. "బి. ఉరుకుందు."

"ప్రజెంట్ సార్!"

నా ముందు రెండు బెంచీల అవతల ఒకడు లేచి నిలబడ్డాడు. పొడుగ్గా, నల్లగా, మొహమంతా నవ్వుతో ఉన్నాడు.

"పేరు కొత్తగా ఉందే! ఏ ఊరు?"

"ఆదోని కాడ సార్. మా పక్క ఇది శానా పెద్ద పేరు."

క్లాసు నవ్వింది. సార్ కూడా నవ్వి, మళ్లీ కాగితం చూశాడు. "ఇదేంటి, కింద కూడా బి. ఉరుకుందు అనే ఉంది? ఆఫీసు వాళ్లు ఒకే పేరు రెండుసార్లు కొట్టారు" అని, పద్దెనిమిదో వరుస మీద స్కేలు పెట్టి గీత గీసేశాడు.

నా చెయ్యి సగం లేచి ఉంది. దాంతో తల గోక్కుని కిందికి దించాను.

సార్‌ను మరీ తిట్టలేను. ఆయన ఊళ్లో ఉరుకుందు అనే మనిషి ఒకడు ఉండటమే వింత. ఇద్దరు, అదీ ఒకే ఇంటిపేరు అక్షరంతో, ఒకే క్లాసులో ఉంటారని ఆయనకు ఎట్లా తోస్తుంది? అదే మా అయ్యవారైతే ఇద్దరేనా, మూడోవాడు ఎక్కడ అని వెతికేవాడు. తిట్టాల్సింది నన్నే. 'సార్, నేను కూడా' అంటే సరిపోయేది. మూడు మాటలు. ఆ మూడు మాటలు రేపు చెబుదాంలే అనుకున్నాను.

మర్నాడు ఆయన గదికి వెళ్లాను. సార్ ఫోనులో ఉన్నాడు. తలుపు దగ్గర పావుగంట నిలబడ్డాను. ఆయన ఫోను పెట్టేసి, "ఏం కావాలి?" అన్నాడు. నా పక్కన మంచినీళ్ల క్యాను కనిపించింది.

"నీళ్లు సార్."

"తాగు దానికేం."

రెండు గ్లాసులు తాగి వచ్చేశాను. దాహం లేదు, బుద్ధి కూడా లేదు.

తరువాతి వారం ఉత్తరం రాశాను. అయిదు కాగితాలు చించి, ఆరో కాగితం మీద మర్యాదగా, 'గౌరవనీయులైన సార్ గారికి, రిజిస్టరులో నా పేరు లేనట్టుగా అనిపిస్తున్నది, దయచేసి చేర్చగలరు' అని రాసి, కింద బి. ఉరుకుందు అని సంతకం పెట్టాను. క్లాసు మొదలవకముందే ఆయన బల్ల మీద పెట్టి, నా బెంచీలోకి వచ్చి కూర్చున్నాను.  సార్ చదివాడు. అద్దాలు పైకి జరిపి నా ముందు రెండు బెంచీల అవతలికి చూశాడు.

"ఉరుకుందూ, నీ పేరు లేకపోవడమేంటి? రోజూ పిలుస్తున్నాను, రోజూ పలుకుతున్నావు. ఈ ఉత్తరమేంటి?"

వాడు ఒక్క క్షణం తెల్లబోయాడు. తరువాత, నేను బల్ల మీద కాగితం పెట్టడం చూసినట్టున్నాడు, వెనక్కి తిరిగి నేరుగా నా వైపే చూశాడు. చూసి, సార్ వైపు తిరిగి, "ఊరికే డౌటొచ్చింది సార్" అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. నేను తల దించుకుని నోటుబుక్కులో అవసరం లేని గీతలు గీశాను. రోల్ నంబరు వెయ్యడం మరిచిపోయిన వెధవ ఎవడైనా ఉంటే వాడు నేనే.

ఇక ఆ ఉరుకుందుకు నేనున్నానని తెలిసిపోయింది. కారిడార్లో కనిపిస్తే "ఏమప్పా, తమ్ముడూ!" అని భుజం తట్టేవాడు. నిజానికి వాడే నాకంటే మూడు నెలలు చిన్న. వాడికి అరవై మందిలో యాభై మంది స్నేహితులు. మెస్సులో వాడి చుట్టూ ఎప్పుడూ గుంపే. నేను మాత్రం సాంబారు అన్నం గబగబా మింగి, ఎవరూ ఎదురు కూర్చోకముందే లేచిపోయేవాణ్ణి. నా రూములో శామ్ అనే కుర్రాడు ఉండేవాడు, కామర్సు. మంచివాడే. కానీ చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు ఉండేవి. అవి తీసే దాకా ఆగి మాట్లాడదామనుకునేవాణ్ణి. తీసేసరికి ఏం మాట్లాడాలో మరిచిపోయేవాణ్ణి.

ఆదివారాలు మా అమ్మ మహాదేవమ్మ ఫోను చేసేది.

"తిన్న్యావా నాయనా? సార్లు బాగుండారా? నీ పేరు పెట్టి పిలుస్తాండారా, నంబరు పెట్టి పిలుస్తాండారా?"

"పేరు పెట్టే పిలుస్తాండారమ్మా."

"చూస్తివా మరి! స్వామి పేరు రోజూ సారు నోట్లో పడుతాండాది."

అబద్ధం చెప్పలేదు. నా పేరును రోజూ పిలుస్తున్నారు. పలికేవాడే వేరు.

అక్టోబరులో మొదటి మిడ్ పరీక్ష జరిగింది. నేను రాశాను. ఆ ఉరుకుందు రాయలేదు. ఆ రోజు స్నేహితులతో గండికోటకు పోయి, లోయ అంచున నిలబడి రీలు తీసుకుని, దాన్ని క్లాసు గ్రూపులో కూడా పెట్టాడు. వారం తరువాత సార్ పేపర్లు పంచుతూ, "బి. ఉరుకుందు, ముప్పైకి ఇరవై ఆరు. క్లాసు ఫస్టు" అని ఒక పేపరు పైకెత్తాడు. "కానీ నాయనా, నీ రోల్ నంబరే నీకు తెలియదా? పదిహేడుకు బదులు పద్దెనిమిది వేశావు. నేను సరిచేశాను."

వాడు వెళ్లి పేపరు తీసుకున్నాడు. క్లాసు చప్పట్లు కొట్టింది. ఈసారి నేను కొట్టలేదు. అదొక్కటే నేను చేసిన తిరుగుబాటు.

క్లాసయ్యాక వాడే నా దగ్గరికి వచ్చి పేపరు నా బల్ల మీద పెట్టాడు. "నీదప్పా ఇది. దారి తప్పి నా కాడికొచ్చినాది."

నాకు కోపం ఎంత వచ్చిందంటే మాట తడబడలేదు. "నీకు తెల్సు కదా ఇది నాదని. సార్‌కు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పల్యా? నేనేమన్నా నీ నోరు కుట్టేసినానా?" అన్నాడు వాడు, ఏమాత్రం కోపం లేకుండా. "నీకు లేని తొందర నాకెందుకప్పా?"

 వాడు అన్నది తప్పయితే తిట్టేవాణ్ణి. తప్పు కాదు కాబట్టే ఆ రోజు అన్నం సయించలేదు.

ఇదీ ఆ సున్నా కథ.

పట్టిక చూసిన రోజే ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా శేషన్న కంప్యూటరులోంచి తల తిప్పకుండా, "సారు పంపిచ్చిందే మేము ఎక్కిస్తాం. సారుతో రాయించుకోని రా. శుక్రవారం సాయంత్రం లోపల రాకుంటే డిటైన్ లిస్టు పైకి పోతాది" అన్నాడు. అది బుధవారం.

గోపీనాథ్ సార్ గదికి వెళ్లాను. ఈసారి నీళ్ల క్యాను వైపు చూడలేదు. చెప్పాల్సింది చెప్పాను. గీత గీసిన రోజు, ఉత్తరం, మిడ్ పేపరు. సార్ అంతా విన్నాడు. నా ఐడి కార్డు తీసుకుని రెండు వైపులా చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు, అయోమయం ఉంది.

"ఈ కార్డు నిజమే. నువ్వు ఈ క్లాసు స్టూడెంటువే. పేరు కొట్టేయడం నా పొరపాటే అనుకుందాం. కానీ బాబూ, నువ్వు రోజూ వచ్చావని నాకెట్లా తెలుస్తుంది? నాలుగు నెలల్లో నిన్ను క్లాసులో చూసిన గుర్తు నాకు లేదు. ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క జవాబు చెప్పలేదు."

"వచ్చినాను సార్."

"ఊరికే సంతకం పెట్టలేను. రేపు క్లాసులో అందరి ముందు అడుగుతాను. నువ్వు రోజూ వచ్చేవాడివని ఒక్కరు లేచి చెప్పినా చాలు, హాజరు వేస్తాను. సరేనా?"

సరేనన్నాను. అరవై మందిలో ఒక్కరు. వినడానికి ఎంత సులభం! మెట్లు దిగుతూ ఆ ఒక్కరు ఎవరా అని ఆలోచించాను. నా బెంచీలో నాతో ఎవరూ కూర్చోరు, ఎందుకంటే ఎవరూ కూర్చోకుండా నేనే బ్యాగు పెట్టుకునేవాణ్ణి. ముందు బెంచీ వాళ్లకు నా వైపు తిరగాల్సిన పని లేదు. పేర్లు నాకందరివీ తెలుసు, ఊళ్లు కూడా తెలుసు. నా పేరు వాళ్లలో ఒక్కడికే తెలుసు.

క్యాంటీను దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. స్నేహితులతో కారందోశ తింటున్నాడు. అందరి ముందు అడగడానికి మొహం చెల్లక పక్కకు రమ్మన్నాను. వాడు చేతిలో ముక్క పట్టుకునే వచ్చాడు. చెప్పాను.

"అంతేనా? దీనికా నువ్వు ఇంత మొగం పెట్టుకున్న్యావు!" అని వాడు ఎడమచేత్తో నా వీపు తట్టాడు. "నేను చెప్తాలేప్పా. రేపు లేచి నిలబడి, మొదటి రోజు నుంచి ఈడే ఉండాడు సార్ అంటా. నువ్వు గమ్మున కూచో. నువ్వు నోరు తెరవాల్సిన పన్యా లేదు."

వాడి మీద నాలుగు నెలలుగా పెంచుకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో కరిగిపోయింది. నాకు సిగ్గేసింది కూడా. నోరు తెరవాల్సిన పని లేదంటే నాకంతకంటే వరమేముంది?

గురువారం మొదటి గంట ఫిజిక్స్. అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. మెహనాజ్ వచ్చింది, ముందు బెంచీలో కూర్చునే కర్నూలు అమ్మాయి. వీరభద్ర వచ్చాడు, ఆ ఉరుకుందుకు ఆప్తుడు. తలుపు దగ్గర ఎవరి నీడ పడినా వాడేనేమోనని చూశాను. సార్ వచ్చాడు, తలుపు మూశాడు. వాడు రాలేదు.

ఆలస్యంగా వస్తాడేమో అనుకున్నాను. సార్ రిజిస్టరు తెరిచి పేర్లు మొదలుపెట్టాడు. రిజిస్టరు మీద నుంచి తల ఎత్తకుండా పిలిచి, పలికితే టిక్కు పెట్టడం ఆయన అలవాటు.

"బి. ఉరుకుందు."

"ప్రజెంట్ సార్!"

వీరభద్ర గొంతు. తల బల్ల కిందికి వంచి, కొంచెం బొంగురుగా మార్చి అన్నాడు. వాడి పక్కన ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. సార్ టిక్కు పెట్టి, పద్దెనిమిదో గీత దాటి, పంతొమ్మిదికి పోయాడు.  క్లాసులో లేనివాడికి టిక్కు, ఉన్నవాడికి గీత.

పేర్లు అయిపోయాక సార్ నన్ను లేవమన్నాడు. అరవై తలలు వెనక్కి తిరిగాయి. నేను జీవితమంతా తప్పించుకోవాలని చూసింది సరిగ్గా ఇదే.

"ఈ అబ్బాయి మన క్లాసే. రోజూ వచ్చానంటున్నాడు. నా పొరపాటు వల్ల రిజిస్టరులో పేరు లేదు. హాజరు లేకపోతే పరీక్ష పోతుంది, ఏడాది పోతుంది. కాబట్టి నిజం చెప్పండి. ఇతను రోజూ క్లాసుకు వస్తున్నాడని మీలో ఎవరు చెప్పగలరు?"

ఒక్క చెయ్యీ లేవలేదు. వాళ్లు నన్ను చూస్తున్నారు. శత్రుత్వం లేదు, వేళాకోళం కూడా లేదు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. అదే నన్ను ఎక్కువ కోసింది. తెలిసీ చెప్పకపోతే కోప్పడొచ్చు. వాళ్లకు నిజంగా తెలియదు.

మెహనాజ్ మెల్లగా లేచింది. "చూసినట్టే ఉండాది సార్. కానీ రోజూ అంటే... గ్యారంటీగా చెప్పలేను." నా వైపు చూసి, "సారీ" అని కూర్చుంది. ఆ అమ్మాయి అయినా నిజమే చెప్పింది.

సార్ నిట్టూర్చాడు. నేను ఓడిపోయానని ఆయన మొహంలో కనిపించింది. రిజిస్టరు మూయబోయి, ఏదో గుర్తొచ్చి మళ్లీ తెరిచాడు.

"ఆగండి. మిడ్ పేపరు సంగతి ఉంది కదా. ఇతను చెప్పిన దాంట్లో ఆ ఉరుకుందు పేరు కూడా ఉంది. అతన్నే అడుగుదాం." వేలితో పదిహేడో వరుస తడుముతూ, ఇప్పుడే పెట్టిన టిక్కు దగ్గర ఆగాడు. "ఉరుకుందూ, లే. ఇతను రోజూ వస్తున్నాడా లేదా? నువ్వు చెప్పు."

ఎవరూ లేవలేదు.

"ఉరుకుందూ?"

సార్ తల ఎత్తాడు. మూడో బెంచీలో వాడి చోటు ఖాళీగా ఉంది. వీరభద్ర బల్ల మీది గీతలు చదువుతున్నాడు. నవ్విన ఇద్దరూ నోళ్ల మీద నుంచి చేతులు తీయలేదు. సార్ ఆ ఖాళీ చోటునూ, రిజిస్టరులో టిక్కునూ ఒకటికి రెండుసార్లు చూశాడు. నాలుగు నెలల టిక్కులు వెనక్కి తిప్పాడు, ఒక పేజీ, ఇంకో పేజీ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఏడి అతను? ఇందాక పలికాడు కదా?"

 అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. క్లాసులో అది కట్టుబాటు. మామూలుగా అయితే అందరికంటే బాగా ఆ కట్టుబాటు పాటించేవాణ్ణి నేనే. గమ్మున కూర్చోమని వాడు చెప్పాడు. నోరు తెరవాల్సిన పని లేదన్నాడు.  నీళ్లు తాగి వచ్చిన రోజు, ఉత్తరం రోజు, చప్పట్ల రోజు, అన్నీ కలిసి ఒక్కసారే గొంతులోకి వచ్చాయి.

"రాలేదు సార్!" అన్నాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. వల్లె వేసుకున్న పుస్తకం మాటలన్నీ ఎటో పోయి మా ఊరి మాటే వచ్చేసింది. "వాడు ఈ పొద్దు రాలేదు. మిడ్డు రోజు రాలేదు. వాడు యాడికి పోయినా ఈడ పలికేటోళ్లు ఉండారు. నేను ఈడ్నే ఉండి పలికేటోడు లేడు. ఈ క్లాసులో ఇప్పుడు ఉండే ఉరుకుందు నేనొక్కణ్ణే సార్!"

మెహనాజ్ వెనక్కి తిరిగి నన్ను చూసింది. వీరభద్ర కూడా చూశాడు, మింగేసేలా. రేపటి నుంచి వాడూ వాడి గుంపూ నాతో ఎట్లా ఉంటారో ఊహించగలను. 

సార్ రిజిస్టరును తన వైపు లాక్కున్నాడు. తరువాత జేబులోంచి పెన్ను తీసి, "కూర్చో" అన్నాడు.

నేను కూర్చోలేదు. ఆయన పద్దెనిమిదో వరుసలో, తాను గీసిన గీత పైన, నా పేరు మొత్తం మళ్లీ రాసేదాకా నిలబడే ఉన్నాను.